దంపతుల మిషన్ గురించి

సహోదర సహోదరీలకు వందనాలు. రిటైరయ్యాక భార్యాభర్తలు కలిసి మిషన్‌కు (సంఘం తరఫున సువార్త సేవకు) వెళ్లొచ్చా అని అడిగిన వాళ్లకు ఈ మాట: వెళ్లొచ్చు, ఇలా వెళ్లినవాళ్లు ముందే ఉన్నారు. మన సంఘంలో, అంటే యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో, అంతకుముందు నల్లజాతి పురుషులకు యాజకత్వం (సంఘంలో సంస్కారాలు జరిపే అధికారం) ఉండేది కాదు; అది అన్ని జాతుల పురుషులకూ దక్కుతుందని 1978 జూన్‌లో ప్రకటన వచ్చింది. ఆ నవంబరులోనే మన సంఘం మేబీ, కానన్ అనే రెండు పెద్ద వయసు జంటలను పశ్చిమ ఆఫ్రికాకు పంపింది. నవంబరు 21న నైజీరియాలో అక్కడివారైన ఆంథొనీ ఒబిన్నాతో కలిపి 19 మంది బాప్తిస్మం పొందారు. ఒబిన్నా గారు ఏళ్ల తరబడి మన సంఘానికి ఉత్తరాలు రాస్తూ ఎదురుచూశారు, నాకైతే ఆ ఓపికే గొప్పగా అనిపిస్తుంది. డిసెంబరులో ఘనాలోనూ బాప్తిస్మాలు జరిగాయి.

ఖర్చు సొంతంగా పెట్టుకోవాలి, ఆరోగ్యం సహకరించాలి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు టెన్షన్ పడకుండా ముందు డాక్టర్‌ను అడగండి. ఆసక్తి ఉంటే ఈ ఆదివారం ఆరాధన అయ్యాక నాయకులతో మాట్లాడండి.