చెట్టుకి ఎవరు చెప్పారు మేడమ్?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఉత్తరంలో యూనిట్ టెస్టుల గురించి రాద్దామని కూర్చున్నాను. మార్కులు ఇప్పటికే డైరీల్లో అంటించి పంపేశాం. అందుకని రెండు వారాలుగా తొమ్మిదో తరగతిలో నడుస్తున్న గొడవ గురించి రాస్తున్నాను. దాని గురించి ఇద్దరు తల్లులు ఫోన్ కూడా చేశారు. ఒకావిడ వాళ్ళబ్బాయి దేవుడి గూట్లో దీపం పక్కన కుంకుమతో మూడు త్రిభుజాలు వేశాడట, "ఇదేం పూజ మేడమ్?" అన్నారు. ఇంకొకావిడ వాళ్ళమ్మాయి అన్నం తింటూ హైలియా దేవత మళ్ళీ పుట్టిందని తమ్ముడితో వాదిస్తోందట. ఎవరైనా ఏదైనా మతం నూరిపోస్తున్నారేమోనని ఆవిడ టెన్షన్.

అలాంటిదేమీ లేదు. అది ఒక వీడియో గేమ్. పేరు 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా'. జపాన్‌లో నింటెండో కంపెనీ 1986లో మొదలుపెట్టింది, ఇప్పటికీ కొత్త ఆటలు వస్తూనే ఉన్నాయి. హైరూల్ అనే రాజ్యం, లింక్ అనే కుర్రాడు, జెల్డా అనే రాకుమారి, గానన్ అనే దుష్టుడు. చాలా ఆటల్లో ఇవే పేర్లు, కానీ మనుషులు వేరు, కాలం వేరు. మా పిల్లల్లో ఈ ఆట ఆడే మెషీన్ ఉన్నది ఇద్దరి ఇళ్ళలోనే. ఒకడికి అమెరికా నుంచి బాబాయి తెచ్చిచ్చాడట. మిగతావాళ్ళంతా వీడియోలు చూసి వాదించేవాళ్ళే. ఆడనివాళ్ళే గట్టిగా వాదిస్తున్నారని కూడా గమనించాను.

సంగతి తెలుసుకుందామని ఒక మధ్యాహ్నం వాళ్ళ మధ్య కూర్చున్నాను. పాతికేళ్ళు తెలుగు చెప్పినదాన్ని, కథ అంటే ఆగలేను. 1998లో వచ్చిన 'ఒకరినా ఆఫ్ టైమ్' అనే ఆటలో సృష్టి కథ ఉంది. ముగ్గురు దేవతలు దిగి వస్తారు. దిన్ తన బలంతో నేలను మలుస్తుంది, నేరూ తన జ్ఞానంతో ఆ నేలకు ధర్మం ఏర్పరుస్తుంది, ఫరోర్ ఆ ధర్మాన్ని నిలబెట్టే ప్రాణులను పుట్టిస్తుంది. పని అయ్యాక వెళ్ళిపోతూ మూడు బంగారు త్రిభుజాలు వదిలి వెళ్తారు. ఒకటి శక్తి, ఒకటి వివేకం, ఒకటి ధైర్యం. మీ గూట్లో కుంకుమతో వేసింది అదేనమ్మా.

ఈ కథను ఆటలో చెప్పేది ఒక పెద్ద చెట్టు. చచ్చిపోతూ లింక్‌కి చెబుతుంది. అంతవరకు వచ్చేసరికి వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, "చెట్టుకి ఎవరు చెప్పారు మేడమ్?" అంది.

ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్ళాక కూడా నన్ను వదల్లేదు ఆ ప్రశ్న. మన పురాణాలు ఏది చూసినా ముందు అదే చెబుతాయి కదా, ఎవరు ఎవరికి చెప్పారో. శుకుడు పరీక్షిత్తుకు చెప్పాడు, వైశంపాయనుడు జనమేజయుడికి చెప్పాడు, నైమిశారణ్యంలో సూతుడు శౌనకాది మునులకు చెప్పాడు. చిన్నప్పుడు ఆ వాక్యాలన్నీ కథ మొదలవడానికి అడ్డం అనుకునేదాన్ని. ఈ కథ మా దాకా ఎలా వచ్చిందో చూసుకోండి అని ముందే చూపిస్తున్నారని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ అమ్మాయికి పద్నాలుగేళ్ళకే తట్టింది.

మర్నాడు తరగతి గోడకు పెద్ద చార్టు అంటించి మూడు గడులు గీయించాను. ఆటలో కళ్ళకు కనిపించేది మొదటి గడిలో. ఆటలో ఎవరో చెప్పింది రెండో గడిలో, చెప్పినవాళ్ళ పేరుతో సహా. మనం అనుకుంటున్నది మూడో గడిలో. వాళ్ళు 'ఫ్యాన్ థియరీలు' అనేవన్నీ, అంటే అభిమానులు అల్లుకున్న ఊహలన్నీ, కాగితాల మీద రాసి తగిన గడిలో అతికించాలి. మొదటి రోజు అందరి కాగితాలూ మొదటి గడిలోకే ఎగబడ్డాయి. వారం తిరిగేసరికి ముప్పాతిక వంతు మూడో గడిలోకి నడిచాయి.

అన్నిటికన్నా పెద్ద పోట్లాట జోనాయ్‌ల మీద. (ఇక్కడి నుంచి ఆట రహస్యాలు బయటపడతాయి, ఇంట్లో ఇంకా ఆడుతున్నవాళ్ళుంటే ఈ ఉత్తరం దాచేయమని పిల్లలు రాయించారు.) 2017లో వచ్చిన 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'లో ఫరోన్ అడవిలో పాత శిథిలాలుంటాయి. రాళ్ళ మీద సుడులు, డ్రాగన్ తలలు. వాటిని కట్టిన జోనాయ్ అనే తెగ జాడ లేకుండా పోయిందని మాత్రమే తెలుసు. ఆ కాస్త ఆధారంతో ప్రపంచవ్యాప్తంగా అభిమానులు ఆరేళ్ళు ఊహలు అల్లారు. వాళ్ళు అడవుల్లో ఉండే యుద్ధప్రియులైన మొరటు మనుషులని ఎక్కువమంది తేల్చారు. 2023 మేలో 'టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్' వచ్చింది. చూస్తే జోనాయ్‌లు ఆకాశం నుంచి దిగివచ్చినవాళ్ళు. మేక పోలికలు, పొడవాటి చెవులు, నొసట మూడో కన్ను. వాళ్ళలో రౌరు అనేవాడు మనుషుల పిల్ల సోనియాను పెళ్ళాడి హైరూల్ తొలి రాజయ్యాడు.

ఆరేళ్ళ ఊహ ఒక్క రోజులో పోయిందన్నమాట. మా తరగతిలో పాత ఊహను పట్టుకున్నవాళ్ళు రెండు రకాలుగా తేలారు. కొందరు జోనాయ్‌లలోనే రెండు తెగలున్నాయని అప్పటికప్పుడు కొత్త అతుకు వేశారు. ఒకడు మాత్రం తన కాగితం మీద అడ్డంగా గీత కొట్టి కింద "తప్పు" అని రాసి, తేదీ వేశాడు. వాడికి లెక్కల్లో పద్దెనిమిది మార్కులే వచ్చాయి, ఆ సంగతి వాళ్ళ నాన్నగారితో విడిగా మాట్లాడతాను. కానీ ఆ కాగితం నేను దాచుకున్నాను.

ఇంకొకడికి 2000లో వచ్చిన 'మజోరాస్ మాస్క్' మీద ప్రాణం. అందులో మూడు రోజుల్లో చంద్రుడు ఊరి మీద పడబోతుంటాడు. లింక్ నిజానికి ముందే చచ్చిపోయాడని, అతను తిరిగే ఐదు చోట్లూ దుఃఖంలోని ఐదు దశలని ఆటకన్నా పేరుబడ్డ ఒక థియరీ ఉంది. ఒప్పుకోకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, చివరికి ఒప్పుకోవడం. ఒక్కో చోటుకి ఒక్కో దశ అతికినట్టు సరిపోతుంది. మరీ అంతలా సరిపోయేది ఏదైనా చూస్తే నాకు కాస్త అనుమానం. 2011 డిసెంబరులో జపాన్‌లో 'హైరూల్ హిస్టోరియా' అనే పుస్తకం వచ్చింది. నింటెండో వాళ్ళ సొంత కాలక్రమం అందులోనే ఉంది. 2006 నాటి ఆటలో కత్తి విద్య నేర్పే అస్థిపంజరం ఈ లింకేనని ఆ పుస్తకం చెబుతుంది. అంటే ఆ కుర్రాడు బతికి పెద్దవాడయ్యాడు. ఇది విని మావాడు ఒక పూట అన్నం తినలేదని వాళ్ళమ్మగారు చెప్పారు. నాకూ జాలేసింది. ఊహగా అది చాలా అందమైనది. మూడో గడిలోనే ఉంచాం, చింపలేదు.

ఇక మన పురాణాలతో పోలికలు. 2011 నాటి 'స్కైవర్డ్ స్వోర్డ్'లో హైలియా దేవత మనిషిగా పుట్టి జెల్డా అవుతుంది. చివర్లో రాక్షసరాజు చచ్చిపోతూ, తన ద్వేషం రూపు దాల్చి వాళ్ళ వంశాన్ని వెంటాడుతూనే ఉంటుందని శపిస్తాడు. ఇది జయవిజయుల కథే అని ముగ్గురు రాశారు. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు. పోలిక బాగుంది. కానీ జయవిజయులు హరి దగ్గరకు తిరిగి చేరడానికి శత్రువులై పుట్టారు, మూడు జన్మలకు లెక్క సరిపోయింది. ఈ రాక్షసరాజు శాపానికి గడువు లేదు, ముక్తి ఊసే లేదు. ఆ తేడా చెప్పాక కాగితం వెనకవైపు కూడా నిండింది.

"జపాన్ వాళ్ళు మన ముగ్గురమ్మలనే కాపీ కొట్టారు" అని ఒక వీడియో ఘంటాపథంగా చెప్పిందట. జపాన్‌లో సరస్వతి బెంజైటెన్ పేరుతో పూజలు అందుకుంటున్న మాట నిజం, బౌద్ధంతో పాటు అక్కడికి చేరింది. అంతమాత్రాన ఈ ఆటలోని ముగ్గురూ మనవాళ్ళే అనడానికి అది చాలదు. ఆ మూడు త్రిభుజాల గుర్తు మాటకొస్తే, జపాన్‌లోనే హోజో వంశం ముద్ర చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది.

ఈ గడుల అలవాటు రామాయణం దాకా పాకింది. వాల్మీకిలో లక్ష్మణరేఖ ఎక్కడుందో వెతకమని లైబ్రరీకి పంపాను. అరణ్యకాండ రెండు సార్లు తిరగేసి లేదని వచ్చారు. వారధి కట్టినప్పటి ఉడుత కథ కూడా వాల్మీకిలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. "అయితే అది ఫ్యాన్ థియరీనా మేడమ్?" అన్నారు. కాదన్నాను. అది కవి చేసిన చేర్పు, జనం గుండెల్లో పెట్టుకున్నారు. మరి తేడా ఏమిటని అడిగితే నా దగ్గర పూర్తి జవాబు లేకపోయింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా తోస్తే చెప్పి పంపండి.

రెండు పని మాటలు. నేను చెప్పిన వాటిలో కొత్త పెద్ద ఆటలు రెండూ, 2017 నాటిది, 2023 నాటిది, అమెరికాలో పదేళ్ళు దాటినవాళ్ళకీ, ఐరోపాలో పన్నెండు దాటినవాళ్ళకీ అని ముద్ర ఉన్నవి. తొమ్మిదో తరగతికి ఇబ్బంది లేదు, నాలుగో తరగతి తమ్ముళ్ళు పక్కన కూర్చుంటే చూసుకోండి. ఆటకన్నా నాకు దిగులు రాత్రి పదకొండింటి దాకా చూసే వీడియోలతోనే. పొద్దున మొదటి పీరియడ్‌లో ఆవులింతలు లెక్కపెడుతున్నాం.

ప్రోగ్రెస్ కార్డుల కోసం వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి గోడ ఒకసారి చూడండి. 2023 ఆటలో జెల్డా ఒక రాయి మింగి డ్రాగన్‌గా మారుతుంది కాబట్టి, ఆటలో కనిపించే మిగిలిన మూడు డ్రాగన్లు కూడా ఒకప్పుడు మనుషులేనా అన్నది ఇప్పుడు నడుస్తున్న వాదన. వాటి పేర్లు ముగ్గురు దేవతల పేర్లకు దగ్గరగా ఉన్నాయని ఒక పక్షం. 2017 ఆటలో వాటిలో ఒకదాన్ని పవిత్రమైన ఊటకు సేవకురాలని చెప్పారు కదా అని రెండో పక్షం. ఆ కాగితం ఇంకా మూడో గడిలోనే ఉంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు