పెంపుడు పాములపై మూకుమ్మడి ఆంక్షలను పెంపకందారులు వ్రాతపూర్వకంగా వ్యతిరేకించాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. అమెరికాలో పెంపుడు పాములపై ఆంక్షలు విధించాలన్న ప్రతిపాదనలు ఏదో ఒక రాష్ట్ర చట్టసభలోనో, నగర మండలిలోనో, అప్పుడప్పుడు సమాఖ్య స్థాయిలోనో వస్తూనే ఉన్నాయి. అవి వచ్చిన ప్రతిసారీ పాముల పేరు వింటేనే భయపడేవారు ముందుగా గొంతెత్తుతారు. పాములను ఏళ్ల తరబడి పోషించి, వాటి తిండి, జబ్బులు, కుబుసం అన్నీ దగ్గరగా ఎరిగినవారు మాత్రం అభ్యంతరాలకు ఇచ్చిన గడువు ముగిశాక మేలుకుంటారు. ఈ దేశంలో స్థిరపడి ఇంట్లో బాల్ పైథాన్‌నో, కార్న్ స్నేక్‌నో పెంచుకుంటున్న తెలుగువారు కూడా ఈ మౌనంలో భాగస్వాములే. వారితో నాలుగు మాటలు చెప్పడానికి మీ పత్రికలో కొంత చోటు కోరుతున్నాను.

స్వదేశంలోని పాఠకులు అపార్థం చేసుకోకుండా ముందే ఒక విషయం స్పష్టం చేయాలి. భారతదేశంలో నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి స్థానిక పాములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తోంది. వాటిని పట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరం, అది నేరంగానే ఉండాలి. నేను రాస్తున్నది అడవిలో పట్టి తెచ్చిన పాముల గురించి కాదు, అమెరికాలో చట్టబద్ధంగా, మనుషుల సంరక్షణలోనే తరాలుగా పుట్టి పెరుగుతున్న విషం లేని పాముల గురించి.

ఇక్కడి సమాఖ్య ఆంక్షలకు మూలం 1900 నాటి లేసీ చట్టం. ఆ చట్టం కింద హానికర జీవుల జాబితా ఒకటి ఉంది. ఆ జాబితాకెక్కిన జీవిని ప్రత్యేక అనుమతి లేకుండా దేశంలోకి తేకూడదు. 2010 మార్చిలో సమాఖ్య మత్స్య, వన్యప్రాణి శాఖ తొమ్మిది రకాల పెద్ద పాములను ఒకేసారి అందులో చేర్చాలని ప్రతిపాదించింది. వాటిలో బర్మీస్ పైథాన్, ఉత్తర, దక్షిణ ఆఫ్రికా పైథాన్లు, ఎల్లో అనకొండ 2012లో జాబితాకెక్కాయి. రెటిక్యులేటెడ్ పైథాన్, మరో మూడు అనకొండ జాతులు 2015లో చేరాయి. తొమ్మిదవదైన బోవా కన్‌స్ట్రిక్టర్‌ను శాఖ విడిచిపెట్టింది. ప్రతిపాదించిన జాబితాకూ, చివరికి అమలైన జాబితాకూ మధ్య గడిచిన ఆ ఐదేళ్లలో పెంపకందారులు, శాస్త్రవేత్తలు, వ్యాపారులు వేల సంఖ్యలో అభిప్రాయాలు పంపారు. ప్రతిపాదన అచ్చయినంత మాత్రాన అది శిలాశాసనం కాదని చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం నాకు కనిపించదు.

ఆ జాబితా పెంపకందారుల బతుకుల్లో ఎలాంటి చిక్కు తెచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. జాబితాకెక్కిన పాము అప్పటికే ఇంట్లో ఉంటే ఉంచుకోవచ్చు గానీ, దాన్ని రాష్ట్రం దాటించడం నేరమని శాఖ చెప్పింది. అంటే ఉద్యోగం మారి పక్క రాష్ట్రానికి వెళ్లవలసి వచ్చిన కుటుంబం, పదేళ్లుగా పెంచిన జీవిని ఎవరికో ఒకరికి అప్పగించి పోవలసిందే. సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యులు అన్ని ఊళ్లలోనూ ఉండరు. ఉన్న ఒక్కరూ సరిహద్దుకు అవతల ఉంటే జబ్బు చేసిన పామును అక్కడికి తీసుకువెళ్లడమూ నేరమే. దీనిపై పెంపకందారుల జాతీయ సంఘం కోర్టుకెక్కింది. ప్రధాన భూభాగంలోని 49 రాష్ట్రాల మధ్య రవాణాను నిషేధించే అధికారాన్ని ఆ చట్టం శాఖకు ఇవ్వలేదని వాషింగ్టన్‌లోని సమాఖ్య అప్పీళ్ల న్యాయస్థానం 2017 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. న్యాయం జరిగింది, కానీ జాబితా వచ్చాక ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లలో చేతులు మారిన పాములను తిరిగి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు.

2022లో ఇంతకంటే విస్తృతమైన ప్రయత్నం జరిగింది. ఆ ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ ఆమోదించిన ఒక భారీ బిల్లులో లేసీ చట్టానికి సవరణలు చేర్చారు. కోర్టు కాదన్న అంతర్రాష్ట్ర రవాణా నిషేధాన్ని ఆ సవరణలు తిరిగి తెచ్చేవి. అంతేకాక, అనుమతి జాబితాలో లేని విదేశీ జీవులను హానికరమైనవిగానే భావించి వాటి దిగుమతిని ఆపేవి. ఒక జీవి హాని చేస్తుందని నిరూపించవలసిన బాధ్యత ఇన్నాళ్లూ ప్రభుత్వానిది. ఈ పద్ధతిలో అది హాని చేయదని నిరూపించే భారం పెంచుకునేవాడి మీద పడుతుంది. పాముల సంగతి అలా ఉంచినా, చిలుకలు, అక్వేరియం చేపలు పెంచుకునేవారు సైతం ఈ తేడాను గమనించి కలవరపడ్డారు. ఆ ఏడాది ఆగస్టులో చట్టమైన తుది బిల్లులో ఆ సవరణలు లేవు. ఒకసారి బిల్లులోకి ఎక్కిన భాష మరోసారి మరో బిల్లులోకి ఎక్కడం కష్టమేమీ కాదు గనుక, ఆ గండం శాశ్వతంగా తప్పిందని నేను అనుకోను.

ఆంక్షలు కోరేవారి ఆందోళన వట్టిదని నేను అనడం లేదు. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడి నేలల్లో బర్మీస్ పైథాన్లు స్థిరపడి సంతతిని పెంచుకుంటున్నాయని 2000 నాటికే తేలింది. అవి అక్కడికి చేరింది పెంపుడు జంతువుల వ్యాపారం ద్వారానే. పెరిగిపోయిన పామును చిత్తడి నేలలో వదిలేసినవారు ఉన్నారు. అక్కడి జాతీయ ఉద్యానవనంలో రాత్రివేళ రోడ్ల వెంట కనిపించే జంతువులను లెక్కించి 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పైథాన్లు విస్తరించక ముందుతో పోలిస్తే రకూన్లు 99.3 శాతం, అపోసమ్‌లు 98.9 శాతం, బాబ్‌క్యాట్‌లు 87.5 శాతం తక్కువగా కనిపించాయి. ఈ అంకెలను తోసిపుచ్చి వాదించే పెంపకందారుడు మన పక్షానికి మేలు చేయడు. పామును అడవిలో వదిలినవాడు మనకూ శత్రువే. ఆ మాట మన లేఖలో మొట్టమొదటే ఉండాలి.

అయితే ఆ నష్టం జరిగినది ఎక్కడ, ఏ పాము వల్ల అన్నది చూడాలి. మంచు ఎరుగని, ఏడాది పొడవునా నీరు నిలిచే దక్షిణ ఫ్లోరిడాలో, పదిహేను అడుగులకు పైగా పెరగగల పాము వల్ల అది జరిగింది. 2010 జనవరిలో ఆ ప్రాంతాన్ని కొన్ని రోజుల పాటు తీవ్రమైన చలి తాకినప్పుడు, రేడియో పరికరాలు అమర్చి పరిశీలిస్తున్న పది పైథాన్లలో తొమ్మిది చనిపోయాయి. ఆ చలికే తాళలేని జీవి ఒహాయో మంచులోనో, మిన్నెసోటా గడ్డకట్టిన చెరువుల పక్కనో అడవిలో బతికి పిల్లలను పెడుతుందని ఊహించి దేశమంతటికీ ఒకే నిషేధం రాయడం సబబు కాదు. ఫ్లోరిడాకు ఫ్లోరిడా నియమాలు ఉండనివ్వండి. హవాయిలో స్థానిక భూచర పాములే లేవు, అక్కడి పక్షులకు వాటి నుంచి కాచుకోవడం తెలియదు, కాబట్టి అక్కడ పాముల పెంపకాన్ని పూర్తిగా నిషేధించడాన్ని నేను సమర్థిస్తాను. పసిఫిక్ మహాసముద్రంలోని గువామ్ దీవిలో అడవి పక్షులను దాదాపు తుడిచిపెట్టిన బ్రౌన్ ట్రీ స్నేక్ అయితే ఎవరి పెంపుడు పామూ కాదు, రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత సైనిక సరుకులతో కలిసి వచ్చినది. ప్రమాదం ఏ దారిన వస్తుందో ఆ దారినే కాపలా పెట్టాలి.

ఇక మూకుమ్మడి నిబంధనలో చిక్కుకునే పాము ఎలాంటిదో చూడండి. "పైథాన్లన్నీ నిషిద్ధం" అని రాసిన నగర నిబంధనలో ఇరవై అడుగుల రెటిక్యులేటెడ్ పైథాన్‌తో పాటు బాల్ పైథాన్ కూడా పడిపోతుంది. ఇది పశ్చిమ ఆఫ్రికా పాము. పూర్తిగా పెరిగినా సాధారణంగా మూడు నుంచి ఐదు అడుగులే. భయపడితే కాటు వేయడం కన్నా తలను మధ్యలో దాచుకుని బంతిలా ముడుచుకుపోవడమే దాని స్వభావం. దాని గాజు పెట్టెలో ఒక కొస ముప్పై రెండు డిగ్రీల సెల్సియస్ వెచ్చదనంతో, రెండో కొస దానికంటే ఐదారు డిగ్రీలు చల్లగా ఉండాలి. హీటర్‌కు థర్మోస్టాట్ లేకపోతే పొట్ట కాలుతుంది. గాలిలో తేమ తగ్గితే కుబుసం ఒక్కటిగా ఊడకుండా ముక్కలై, కళ్ల మీది పొర అలాగే అంటుకుపోతుంది. కుబుసం విడిచే ముందు దాని కళ్లు పాల నీలంగా మారతాయి. ఆ రోజుల్లో ఎలుకను ముందు పెట్టినా ముట్టదు, చేతిలోకి తీసుకోవడానికీ ఇష్టపడదు. ఆరోగ్యంగా ఉన్న పాము కూడా శీతకాలంలో నెలల తరబడి తినకపోవచ్చు. అది జబ్బా, అలవాటా అన్నది పోషకుడు రాసుకున్న బరువుల పుస్తకం చూస్తే తెలుస్తుంది. ఇంత శ్రద్ధ అడిగే జీవిని పట్టించుకుని పెంచేవాడిని, కొన్న నెలకే విసిగి వదిలేసేవాడిని ఒకే గాటన కట్టే చట్టం రెండోవాడిని సరిదిద్దదు, మొదటివాడిని మాత్రం శిక్షిస్తుంది.

ఆయుష్షు సంగతి చట్టం రాసేవారు తరచూ మరచిపోతారు. బాల్ పైథాన్ మనుషుల దగ్గర ఇరవై, ముప్పై ఏళ్లు సులువుగా బతుకుతుంది. సెయింట్ లూయిస్ జంతు ప్రదర్శనశాలలో 1961 నుంచి ఉన్న ఆడపాము ఒకటి, 2020లో, అరవై ఏళ్లు దాటిన వయసులో గుడ్లు పెట్టింది. ఉన్న పాములను ఉంచుకోవచ్చు గానీ ఇతరులకు ఇవ్వకూడదు, తీసుకువెళ్లకూడదు అనే నిబంధన అటువంటి జీవి విషయంలో ఏమవుతుంది? యజమాని పెద్దవాడై ఆసుపత్రి పాలైతే ఆ పామును చట్టబద్ధంగా ఎవరూ తీసుకోలేరు. అప్పుడు మిగిలేవి రెండే దారులు, చంపించడం, లేదా రహస్యంగా వదిలించుకోవడం. రెండవది జరగకూడదనే కదా ఈ చట్టాలన్నీ చేస్తున్నది!

మనుషుల ప్రాణాలు పోయిన సందర్భాలను కూడా దాటవేయకూడదు. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో 2013లో ఆఫ్రికన్ రాక్ పైథాన్ తప్పించుకుని ఇద్దరు చిన్నపిల్లలను బలిగొన్నది. తలచుకుంటేనే గుండె తరుక్కుపోయే ఘటన అది. అక్కడ ఆ జాతిని అనుమతి లేకుండా ఉంచుకోవడం అప్పటికే నిషిద్ధం. నిషేధం ఉంది, తనిఖీ లేదు, పాము బయటపడిన గాలి గొట్టానికి గట్టి మూత లేదు. కాబట్టి భారీ పాములకు తాళం వేసిన గది, అనుమతి పత్రం, ఏటా తనిఖీ ఉండాలని మనమే ముందుగా అడగాలి. నార్వే 1970ల నుంచి సరీసృపాల పెంపకాన్ని నిషేధించి, 2017లో ఆ నిషేధాన్ని సడలించి పంతొమ్మిది జాతులను అనుమతించింది. నిషేధం ఉన్నంత కాలం చాటుగా పెంచేవారు పెంచుతూనే ఉన్నారు, కాకపోతే జబ్బు చేస్తే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లడానికి జంకారు.

పెంపకందారులారా, ఇక మనం చేయవలసిన పని. సమాఖ్య శాఖ ఏ నియమాన్ని ప్రతిపాదించినా దాన్ని ఫెడరల్ రిజిస్టర్ అనే ప్రభుత్వ గెజెట్‌లో ప్రచురించి, ప్రజాభిప్రాయానికి గడువు ఇవ్వాలి. ఆ గడువు చాలాసార్లు అరవై రోజులు. వచ్చిన ముఖ్యమైన అభ్యంతరాలను పరిశీలించి, తుది నియమంలో వాటికి సమాధానం ఇవ్వవలసిన బాధ్యత 1946 నాటి పరిపాలనా విధానాల చట్టం ప్రకారం ఆ శాఖపై ఉంది. ఒకే నకలు లేఖ మీద వెయ్యిమంది సంతకాలు చేసి పంపితే దానికి ఒక్క సమాధానం చాలు. మీ పాము జాతి, వయసు, పొడవు, బరువు, అది పుట్టిన చోటు, మీ ఊరి శీతకాలపు ఉష్ణోగ్రతలు, పెట్టె తాళం వివరం, ప్రతిపాదనలోని ఫలానా వాక్యం అమలైతే మీ ఇంట్లో ఏం జరుగుతుందన్నది మీ సొంత మాటల్లో రాస్తే మాత్రం దాన్ని పక్కన పెట్టడం కష్టం. ప్రతిపాదనకు ఇచ్చిన డాకెట్ సంఖ్యను లేఖ పైన రాయడం మరువకండి. నగర మండలి అయితే బహిరంగ విచారణకు స్వయంగా వెళ్లండి, పామును మాత్రం తీసుకువెళ్లకండి. భయపడుతున్నవారి ముందు దాన్ని ప్రదర్శించడం వల్ల మన వాదన ఓడిపోతుందే గానీ గెలవదు. అధికారులను దూషిస్తూ రాసే లేఖలు కూడా అంతే, అవి ఆంక్షలు కోరేవారి చేతికి మనమే ఇచ్చే సాక్ష్యం.

వద్దు అని మాత్రమే రాసి ఊరుకోకండి, ఏది కావాలో కూడా రాయండి. "పైథాన్లన్నీ" అంటూ మొత్తం వర్గం పేరుతో కాకుండా ఒక్కో జాతి పేరుతో, పెరిగే పొడవుతో పరిమితులు పెట్టమనండి. భారీ పాములకు గుర్తింపు మైక్రోచిప్ తప్పనిసరి చేయమనండి. అమ్మేవాడు ఆ పాము ఎంత పెరుగుతుందో, ఎంతకాలం బతుకుతుందో కొనేవాడికి లిఖితపూర్వకంగా చెప్పాలనండి. ఫ్లోరిడా 2006 నుంచి నడుపుతున్న క్షమాభిక్ష కార్యక్రమంలో పెంచలేనివారు తమ జంతువును ఏ శిక్షా లేకుండా అప్పగించవచ్చు, దాన్ని అర్హులైన పెంపకందారులు దత్తత తీసుకుంటారు. అటువంటిది ప్రతి రాష్ట్రంలోనూ కావాలని అడగండి, దత్తతకు మీ పేరు కూడా నమోదు చేసుకోండి.

సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. ఇటువంటి ప్రతిపాదనల వార్తను ప్రచురించేటప్పుడు పడగ విప్పిన నాగుపాము బొమ్మకు బదులు, అభిప్రాయాలు పంపవలసిన చివరి తేదీని, డాకెట్ సంఖ్యను అచ్చు వేయగలరు.

భవదీయుడు,
అమెరికాలోని ఒక సరీసృపాల పెంపకందారుడు