రాజ్‌పుత్ కథ కాకినాడ తీరంలోనూ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా డిసెంబరు 4న నేవీ డే అనగానే 1971 యుద్ధంలో మన నేవీ పాకిస్తాన్ మీద చేసిన కరాచీ దాడి గురించే చెప్పుకుంటాం. అంతకు ముందు రాత్రి మన విశాఖ ముంగిట ఒక పాత డిస్ట్రాయర్ (వేగంగా వెళ్లే యుద్ధనౌక) చేసిన పని గోదావరి జిల్లాల పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఆ ఓడ ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్. బ్రిటన్‌లో క్లైడ్ నది ఒడ్డున కట్టిన దీని మొదటి పేరు రోథర్‌హామ్. 1942లో అది బ్రిటిష్ నేవీలో చేరింది. అదే ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు మన కాకినాడ మీదా బాంబులు వేశాయి. తర్వాత రోథర్‌హామ్ ఆ జపాన్ మీదే హిందూ మహాసముద్రంలో పనిచేసింది. 1949లో మన చేతికొచ్చింది.

1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, రాజ్‌పుత్‌తో దాని వేషం వేయించారు. విశాఖకు దూరంగా వెళ్లి, అంత పెద్ద ఓడే అక్కడ ఉన్నట్టు అది వైర్‌లెస్ సందేశాలు పంపింది. నిజంగా శత్రువు వస్తే ఈ ముసలి ఓడ గతేమిటి? అందులోని నావికుల ధైర్యాన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ హార్బరు దాటి, నీటిలో అలజడి చూసి రెండు డెప్త్ చార్జీలు (నీటి లోతున పేలే బాంబులు) వదిలింది. కాసేపటికి పెద్ద పేలుడు విశాఖ ఊళ్లోకి వినిపించింది. ఆ తర్వాత సముద్రంలో తేలిన సామాన్లు మొదట జాలర్ల కంటపడ్డాయి. ఘాజీలో 90 మందికి పైగా చనిపోయారు. రాజ్‌పుత్ దెబ్బకే ఘాజీ మునిగిందని మన నేవీ మాట; అది తన మందుపాతరల వల్లో, లోపలి పేలుడు వల్లో మునిగిందని పాకిస్తాన్ వాదన. ఆ సంగతీ పిల్లలకు చెప్పాలి, దాచక్కర్లేదు.

రాజ్‌పుత్‌ను 1976లో తుక్కు కింద విడగొట్టేశారు. విశాఖ బీచ్ రోడ్డులో విజయ స్మారకం ఉంది. సైన్యంలో చేరినవారి ఊరుగా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికీ గుర్తింపు ఉంది. బాంబులు పడిన కాకినాడ తీరంలో మాత్రం 1942 దాడినీ, ఈ ఓడ కథనూ కలిపి చెప్పే ఒక తెలుగు బోర్డు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? కలెక్టరు గారు, పర్యాటక శాఖ ఈ పని చేయించాలి. 1971లో నేవీలో పనిచేసి కోనసీమలో, నరసాపురం వైపు స్థిరపడిన పెద్దలు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వాళ్లు. వాళ్ల మాటలు వెంటనే రికార్డు చేయించాలి. ఆ పనికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ముందుకు రావాలని కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అమలాపురం