టేకు ఏ పడవకి, కార్క్ ఏ పడవకి?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో విహార పడవల మీద వచ్చిన వ్యాసం చదివాను. డెక్‌కి, అంటే పడవ మీద నడిచే నేలకి, టేకును మించింది లేదు, కార్క్ అంటే సీసా బిరడాలకు పనికొచ్చే సరుకు అని అందులో తేల్చేశారు. నేను తాళ్లరేవులో చెక్క పడవల పని నేర్చుకుని, దుబాయ్‌లో డెక్‌లు వేస్తూ రిటైరైన వడ్రంగిని. ఆ మాట సగమే నిజం.

చెక్క పడవకైతే టేకే. దాని ఒంట్లోనే నూనె ఉంటుంది, త్వరగా పుచ్చదు. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన హెచ్‌ఎంఎస్ ట్రింకోమలీ ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నీళ్ల మీదే ఉంది. అలాంటి ఓడలో డెక్ పలక కూడా ఓడ బలంలో భాగం.

ఫైబర్ బోటు సంగతి వేరు. బలమంతా ఫైబర్‌దే, పైన వేసే సెంటీమీటరు టేకు సోకు కోసమే. పాత బోట్లలో ఆ పలకల్ని స్క్రూలతో బిగించేవారు. ఎన్ని స్క్రూలో ఫైబర్‌కి అన్ని బెజ్జాలు! పలకల సందుల్లో నింపిన నల్ల రబ్బరు ఎండకు అంచు విడిచిందంటే నీళ్లు ఆ బెజ్జాల్లోంచి దిగి, ఫైబర్ పొరల మధ్య ఉండే బాల్సా అనే తేలిక చెక్కను కుళ్లబెడతాయి. పైకి మాత్రం డెక్ నిగనిగలాడుతూనే ఉంటుంది. విప్పి చూస్తే లోపలి బాల్సా గరిటెతో తోడేసేలా ఉంటుంది. దీనికి తోడు, టేకు బూడిద రంగు తేలగానే ఓనర్లు కంగారుపడి సాండర్ (అరగదీసే మిషను) పట్టిస్తారు. ఆ రంగు వల్ల చెక్కకు నష్టమేమీ లేదు. అరగదీసిన కొద్దీ పలుచనై, స్క్రూ తలల్ని కప్పే చెక్క బిళ్లలు ఊడేది మాత్రం ఖాయం.

కార్క్ షీట్లను జిగురుతో అంటిస్తారు, బెజ్జాలతో పనిలేదు. బరువు తక్కువ, తడిసినా కాలు జారదు. లోపలంతా గాలి గదులే కాబట్టి మే నెల మధ్యాహ్నం వట్టి కాళ్లతో కాసేపైనా నిలబడవచ్చు. టేకు సందుల్లోని నల్ల గీతల మీద అడుగేస్తే చుర్రుమంటుంది. పైగా కార్క్ కోసం చెట్టును నరకరు. పోర్చుగల్‌లో తొమ్మిదేళ్లకోసారి బెరడు మాత్రమే వలుస్తారు. అదే పేరుమోసిన బర్మా టేకు చూడండి: 2014లో ఆ దేశమే దుంగల ఎగుమతి ఆపేసింది, 2021 సైనిక తిరుగుబాటు తర్వాత అక్కడి ప్రభుత్వ కలప సంస్థ మీద అమెరికా, ఐరోపా సమాఖ్య ఆంక్షలు పెట్టాయి.

అలాగని కార్క్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. మెత్తనిది, లంగరు ఈడిస్తే గాటు పడుతుంది. ప్రెజర్ వాషర్ పెడితే షీటులోని కార్క్ గింజలు లేచిపోతాయి. ఆ గింజల్ని పట్టి ఉంచేది పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ జిగురు, కాబట్టి అమ్మేవాళ్లు చెప్పే 'నూరు శాతం ప్రకృతి' కబుర్లు నమ్మొద్దు. ఐసు పెట్టెలు దించే చేపల బోటుకి రెండూ దండగే, ఇసుక కలిపిన పెయింటు చాలు.

టేకు వేసిన పాత ఫైబర్ బోటు కొనబోయేవాళ్లు ముందు సుత్తి పిడితో డెక్ అంతా తట్టి చూడండి. మొద్దుగా మోగిన చోట మడమతో నొక్కండి. కుంగితే బయానా ఇవ్వకండి.

– ఒక రిటైర్డ్ పడవల వడ్రంగి, తాళ్లరేవు