నెట్ సెంటర్‌లో పక్క సీటు తమ్ముడికి

మా అమ్మాయి స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజు. ఫారం సగంలో ఉండగా మౌస్ పనిచేయడం మానేసింది. వేరే సిస్టం ఖాళీ లేదు. నా టెన్షన్ చూసి పక్క సీటులోని తమ్ముడు తన పని ఆపి వచ్చాడు. కీబోర్డు తను తీసుకోలేదు, అంతా నాచేతే చేయించాడు.

"ట్యాబ్ నొక్కితే తర్వాతి బాక్స్‌లోకి వెళ్తుందక్కా. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే వెనక్కి వస్తుంది. టిక్ పెట్టాలంటే స్పేస్‌బార్. జిల్లాల లిస్టు తెరవాలంటే ఆల్ట్ పట్టుకుని కింది బాణం నొక్కండి."

నా వేళ్లకు అలవాటయ్యేదాకా ఎంత ఓపిగ్గా నిలబడ్డాడో! చివరికి కంట్రోల్, పి కలిపి నొక్కించి రసీదు ప్రింట్ కూడా తీయించాడు. పేరు అడిగేలోపే వెళ్లి తన పనిలో పడిపోయాడు.

ఇప్పుడు ఆఫీసులోనూ ఫారాలన్నీ ఇలాగే నింపుతున్నాను, పని చకచకా అవుతోంది. తమ్ముడూ, నీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.