మన తెలుగు సంఘం ప్రకృతి నడక విభాగం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది స్టాక్‌హోమ్ చుట్టుపక్కల మూడు నడకలు జరిగాయి. వాటి ఫొటోలు మీరు చూసే ఉంటారు. జూలైలో స్వీడన్ ఉత్తర కొసన ఉన్న అబిస్కో వెళ్లొచ్చిన సంగతి మాత్రం వివరంగా రాయాలి. ఇంత దూరం మన విభాగం ఎప్పుడూ వెళ్లలేదు.

1909లో ఏర్పడిన ఆ నేషనల్ పార్క్‌లో అడవి అంటే దాదాపుగా కొండ బిర్చే. హిమాలయాల్లో భూర్జపత్రం ఇచ్చే చెట్టుకు చుట్టం. ఒకే మొదలు నుంచి నాలుగైదు వంకర మానులు లేస్తాయి. కింద బెరడు నున్నగా ఉంటుంది. కొంత ఎత్తు నుంచి గీత గీసినట్టు నల్లటి లైకెన్ (నాచులా బెరడును అంటుకుని పెరిగేది) మొదలవుతుంది. చలికాలమంతా మంచులో కూరుకుపోయే భాగం మీద అది పెరగదు కాబట్టి, మంచు ఎంత లోతు పడుతుందో ఆ గీతే చెబుతుంది. పిల్లలు ప్రతి చెట్టు పక్కనా నిలబడి, గీత తమ నడుము దాకా వచ్చిందా లేదా అని చూసుకున్నారు.

న్యుల్లా కొండ ఎక్కుతుంటే 600, 700 మీటర్ల మధ్య బిర్చ్‌లు పొట్టివై ఆగిపోయాయి. ఆపైన గడ్డి అనుకుని అడుగు వేయబోయింది పొట్టి విల్లో చెట్టు మీద! కాండం నేలలోనే పాకుతుంది, గోరంత ఆకులు మాత్రం పైకి కనిపిస్తాయి. పార్కులో పువ్వు తుంచకూడదని ఒక్కసారే చెప్పాం. ఒక్క పిల్లా తుంచలేదు.

కొన్నిచోట్ల ఎండిన మానులు చూసి బాధేసింది. దాదాపు పదేళ్లకోసారి ఒక చిమ్మట గొంగళిపురుగులు విరుచుకుపడి ఆకులన్నీ తినేస్తాయి. 1955లో అబిస్కో లోయ అలాగే దెబ్బతింది. మాను చచ్చినా మొదలు దగ్గర నుంచి చిగుళ్లు వస్తాయి. మైనస్ 36 డిగ్రీల దగ్గర ఆ చిమ్మట గుడ్లు చనిపోతాయి. చలి తగ్గిన ఏళ్లలో అవి బతికిపోతాయన్నదే భయం.

ఒక మాట చెప్పక తప్పదు. పేర్లిచ్చినవి పద్నాలుగు కుటుంబాలు, రైలెక్కినవి ఐదు. ముందురోజు రాత్రి రాలేమని మెసేజ్ పెడితే టికెట్లు తీసినవాళ్ల టెన్షన్ ఎంతో ఆలోచించండి. తెలుగు కరపత్రం కోసం సాయమడుగుతూ ఒక కార్యాలయానికి మూడుసార్లు రాశాం, జవాబు లేదు.

జమాఖర్చులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, అప్పేమీ లేదు. రైలంతా పులిహోర, దద్దోజనం పంచిన అక్కలకు, బరువులు మోసిన తమ్ముళ్లకు, దారి చూపిన స్వీడిష్ మిత్రులకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

న్యుల్లా మీద అడవి ఆగిపోయే పై అంచున ఉన్న పన్నెండు బిర్చ్‌లకు ఫొటోలు తీసి, జీపీఎస్‌లో గుర్తు పెట్టాం. వచ్చే జూలైలో అదే చోట నిలబడి మళ్లీ తీయాలి. కనీసం నలుగురు కావాలి. తప్పకుండా వచ్చేవాళ్లే మే నెలాఖరులోగా పేర్లివ్వండి.

కార్యదర్శి