నాన్న అంబాసడర్, రెండంగుళాల తీగ

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. ఈ నెలంతా నా చేతులకి గ్రీజు వదిలితే ఒట్టు. నాన్న అంబాసడర్ గుర్తుందిగా, నువ్వు డ్రైవింగ్ నేర్చుకుంటానని మహేంద్రతనయ గట్టు మీద చింతచెట్టుకి గుద్దినది? అదే, 1968 మార్క్ టూ. దాని గొడవే ఇదంతా. పొడుగు కథ, టీ పెట్టుకుని కూర్చో.

మేనకోడలి పెళ్లికని బరంపురం బయల్దేరాం. పలాస మీదుగా హైవే పట్టుకుని పొమ్మన్నారు అందరూ. నాకేమో కొండదారి మోజు. ఆర్.ఉదయగిరి, చంద్రగిరి, మోహన, తప్తపాని. "ఈ ముసలిదాన్ని వేసుకుని కొండలెందుకండీ" అంటూనే ఎక్కింది మీ చెల్లెలు. చెబితే నమ్మవు, ఘాట్‌లో ఎక్కడా మొరాయించలేదు. సెకండ్ గేర్లో మూలుగుతూ ఎక్కేసింది. తీరా తప్తపాని ఘాట్ దిగి, దిగపహండి వైపు చదును రోడ్డు మీదికి వచ్చామో లేదో, మిస్సింగ్ మొదలైంది. కాలు కాస్త ఆనించి నలభైలో పోతుంటే వెనక నుంచి ఎవరో తన్నుతున్నట్టు కుదుపులు. గట్టిగా తొక్కితే సర్దుకుంటుంది. కాలు తీసేస్తే స్లోలో హాయిగా ఆడుతుంది. మళ్లీ నలభై, మళ్లీ తన్నులు. చివరికి మరమరాలూ బఠాణీ కూరా అమ్మే ఒక ముఢీ-ఘుగ్ని బండి ముందు ఠక్కున ఆగిపోయింది. పావుగంట కూర్చుని సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది!

ఆ పావుగంటే మమ్మల్ని నెల్లాళ్లు తప్పుదారి పట్టించింది. చల్లారాక స్టార్టయింది కాబట్టి వేడి దోషమేనని అందరూ తీర్పిచ్చేశారు. ఘుగ్ని తింటున్న లారీ డ్రైవరు "పెట్రోలు ఆవిరి కట్టేస్తోంది బాబూ, పంపు మీద తడిగుడ్డ వెయ్యి" అన్నాడు. పెళ్లికని కొన్న కొత్త టవల్ ఒకటి అలా బలైపోయింది. మీ చెల్లెలు ఇప్పటికీ ఆ టవల్ మాట ఎత్తుతుంది.

బరంపురంలో ఒక మేస్త్రీ ప్లగ్గులూ కండెన్సరూ మార్చాడు. "హెలా (అయిపోయింది), ఇంక చూసుకోనక్కర్లేదు" అన్నాడు. తిరుగు ప్రయాణంలో అదే వరస. వంతెన దాటి ఆంధ్ర వైపు పాతపట్నం తీసుకెళ్తే అక్కడి మేస్త్రీ కాయిల్ మార్చాడు. బోర్డుల మీద భాష మారింది కానీ బండి రోగం మారలేదు. డబ్బులిచ్చి వచ్చిన రోజు రాత్రి నాకు రోషం పుట్టింది. నాన్న ఈ బండిని ఒక స్క్రూడ్రైవరు, అగ్గిపెట్టె అట్టముక్క పెట్టుకుని ముప్ఫయ్యేళ్లు నడిపారు. కాయిల్ కరెంటుని కలుపుతూ తెంపుతూ ఉండే పాయింట్ల మధ్య ఆ అట్టముక్క దూర్చి చూసి "సరిపోయిందిరా" అనేవారు. నేను సందు కొలిచే రేకులు, అదే ఫీలర్ గేజ్, కొన్నాను. ఆ సందు పదిహేను థౌ ఉండాలి, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. ప్లగ్గులకైతే పాతిక.

ముందు పెట్రోలా, కరెంటా తేలాలి. కాయిల్ నుంచి వచ్చే లావు వైరుని, ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ కేప్‌లోంచి పీకి, ఇంజను ఇనుముకి పావంగుళం ఎడంగా పట్టుకుని మీ చెల్లెలి చేత సెల్ఫ్ కొట్టించాను. బ్యాటరీ 12 వోల్టులేగా అని చేత్తోనే పట్టుకున్నానురా! కాయిల్ దాన్ని వేల వోల్టులు చేసి పంపుతుందన్న సంగతి భుజం దాకా తెలిసింది. రెండోసారి ఎండు కర్రకి కట్టి పట్టుకున్నాను. టప్ టప్‌మని నీలం నిప్పు, మంచి జోరుగా. మా పాత కాయిల్ తగిలించి చూసినా అదే నిప్పు. అంటే కొత్త కాయిల్ డబ్బులు గోవిందా.

కేప్ తీసి చూస్తే పాయింట్ల మొహం నల్లగా మాడి ఉంది. వేసి రెండు వారాలు కాలేదు, ఆ కొత్త కండెన్సర్ పని అది. పాయింట్లు విడిపోయే క్షణాన కరెంటు వాటి మధ్య నిప్పై దూకకుండా మింగాల్సింది కండెన్సరే. అది చచ్చుదైతే పాయింట్లు కాలిపోతాయి, రానురాను ప్లగ్గుకి వెళ్లే నిప్పు కూడా నీరసిస్తుంది. చెత్తబుట్టలోంచి పాతది వెతికి తీసి వేశాను. అది మేలు! 2014లో ఉత్తర్పారా ఫ్యాక్టరీలో అంబాసడర్ తయారీ ఆగిపోయాక కొత్త సామాను అంటేనే నాకు గుండె దడ. పాత దాంట్లో దోషం కనబడితే తప్ప మార్చకూడదని ఇప్పుడు నా పట్టుదల. నువ్వు నవ్వుతావని తెలుసు.

ఇంత చేసినా నలభైలో తన్నులు తగ్గలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెట్రోలు చాలకపోతే కొండ ఎక్కేటప్పుడు ఏడవాలి కదా? కాయిల్ వేడెక్కితే అక్కడే ఇంకా ఎక్కువ వేడెక్కాలి. కొండ మీద కులాసా, చదును మీద రోగం. కాలు సగం ఆనినప్పుడు మాత్రమే కదిలేది ఈ బండిలో ఏముంది? లేచి కూర్చున్నాను. డిస్ట్రిబ్యూటర్ పక్కన బిళ్ళలాంటి డబ్బా ఒకటుంటుంది చూడు, కార్బరేటర్ నుంచి సన్న గొట్టం వచ్చి దానికి తగులుతుంది. కాలు సగం ఆనించి పోతున్నప్పుడు ఇంజను ఆ గొట్టంలో గాలిని గట్టిగా పీలుస్తుంది. ఆ లాగుడికి లోపల పాయింట్లున్న ప్లేటు కాస్త తిరిగి, నిప్పు కొంచెం ముందే పడుతుంది. స్లోలో ఆ లాగుడు ఉండదు, పూర్తిగా తొక్కితే దాదాపు ఉండదు. తిరిగిన ప్లేటు దగ్గరే ఏదో తెగుతోందన్నమాట.

తెల్లారగానే ఒక బల్బు తీసుకున్నాను. ఒక తీగ బ్యాటరీకి, ఇంకోటి ఆ ప్లేటుకి. వెలిగింది. ఎర్త్ బాగానే ఉందన్నమాట. గొట్టాన్ని కార్బరేటర్ దగ్గర ఊడదీసి నోట్లో పెట్టుకుని పీల్చాను. నోటినిండా పెట్రోలు కంపు. ప్లేటు తిరిగింది, బల్బు ఆరిపోయింది. వదిలాను, వెలిగింది. పీల్చాను, ఆరింది. బావా, చిన్నపిల్లాడిలా పదిసార్లు చేశాను. పక్కింటి వాళ్లు గోడ మీంచి తొంగి చూశారు.

ప్లేటు నుంచి డిస్ట్రిబ్యూటర్ బాడీకి రెండంగుళాల అల్లిక తీగ ఉంటుంది, ఎర్త్ కోసం. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి పోగులన్నీ తెగి కొసలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయంతే. ప్లేటు తిరిగితే విడిపోతాయి. బండి ఆగితే ప్లేటు వెనక్కి వచ్చి మళ్లీ కలుస్తాయి. చల్లారడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మామూలు వైరు వేస్తే బిర్రుగా ఉండి ప్లేటుని తిరగనివ్వదు, నాలుగు రోజుల్లో తెగుతుంది కూడా. పాత డైనమో బ్రష్షు తోకలో మెత్తటి రాగి అల్లిక ఉంటుంది కదా, అది కోసుకుని రేడియో రిపేరు కుర్రాడి చేత టంకం పెట్టించాను. ముప్ఫై రూపాయలు తీసుకున్నాడు. అంతకుముందు ఇద్దరు మేస్త్రీలకీ ఎంత పోశానో అడక్కు. నేను తిట్టిన తిట్లు మాత్రం గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ని కాబట్టి మంచి వ్యావహారికంలోనే ఉన్నాయి.

నిన్న టెక్కలి దాకా వెళ్లొచ్చాను, పనిగట్టుకుని నలభైలోనే. ఒక్క తన్ను లేదు.

నువ్వు సికింద్రాబాదులోనే ఉన్నావు కాబట్టి ఒక పని చెయ్యి. రాణీగంజ్‌లో పాత స్టాకు కండెన్సర్లు దొరికితే రెండు, డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ ఒకటి తీసుకో. మెరిసే కొత్త డబ్బాలో ఉంటే వద్దు. పండక్కి వచ్చేటప్పుడు తెస్తే ఇద్దరం తప్తపాని పోదాం. మీ చెల్లెలు మాత్రం, ముందు టవల్ కొనిస్తేనే ఆ బండి ఎక్కుతానంటోంది.

నీ,
బావ